మచ్చిక నూకలు

వరి పొట్టకొచ్చే రోజుల్లో ఆ ఊరి రైతులకు దేవుడి తర్వాత గుర్తొచ్చేది ఆదిశేషమ్మ. అల్లూరు నుంచి సముద్రం వైపు పోయే దారిలో, రొయ్యల గుంటలు అయిపోయి చేలు మొదలయ్యే చోట ఉంటుంది ఆ ఊరు. గుంటల కట్టల్లో కాపురాలు పెట్టిన ఎలుకలు, పైరు పాలుపోసుకునే వేళ చూసి చేలల్లోకి దిగుతాయి. ఎలుక తినేది గుప్పెడే గాని కొరికి పారేసేది మడి సగం. అందుకని ఏటా ఊరంతా ఒక మాట మీద నిలబడి, ఒకేసారి విషపు ఎర పెడతారు. ఆ ఎర కలిపే చెయ్యి ఆదిశేషమ్మది. పాము పేరు పెట్టుకున్న మనిషి ఎలుకల్ని వదిలిపెడుతుందా అని ఆమె మొగుడు ఓబులేసు పెళ్లయిన కొత్తలో ఒక హాస్యం ఆడాడు. ఇప్పటికీ అదే ఆడుతున్నాడు. వినేవాళ్లు ఇప్పటికీ మొహమాటానికి నవ్వుతున్నారు.

ఆమె పద్ధతి అందరికీ తెలిసిందే, కానీ అందరికీ చేతకాదు. ఎలుకకు అనుమానం జాస్తి. కొత్త తిండి కనబడితే ఒక గింజ కొరికి చూసి ఊరుకుంటుంది. ఒంట్లో ఏ మాత్రం తేడా చేసినా ఇక ఆ తిండి జోలికి పోదు. అందుకని మొదటి రెండు రోజులూ విషం లేని నూకలే పెట్టాలి. నూకలు దోరగా వేయించి, వేరుశనగ నూనె పట్టించి, కాగితం పొట్లాలు కట్టి కలుగుల దగ్గర ఉంచాలి. మొదటి రోజు బెదురుతూ తింటాయి. రెండో రోజు ఎదురుచూసి తింటాయి. మూడో రోజు అవే నూకల్లో నల్లపొడి కలిపి పెడితే మారుమాట లేకుండా తింటాయి. ఆ మొదటి రెండు రోజుల తిండిని ఊళ్లో మచ్చిక నూకలంటారు. నూనె ఎంత పట్టాలో, నూక ఎంత వేగాలో ఆదిశేషమ్మ వేళ్లకు తెలుసు.

అలాంటి ఇంటికి కోడలై వస్తూ వినీల ఒక తెల్ల ఎలుకను పంజరంలో పెట్టి తెచ్చింది. దాని పేరు జున్ను. పసుపుకుంకాలతో వచ్చిన కోడలి వెనకాల ఎలుక కూడా గడప దాటిందని ఊరు నెలరోజులు నవ్వుకుంది. ఆదిశేషమ్మ దాన్ని దొరసాని అనేది. దాని పంజరం ఉన్న గదిలో చీపురు పట్టేది గాని, దాన్ని ఒక్కసారీ ముట్టుకోలేదు.

ఈ ఏడు చేలో పైరు పొట్టకొచ్చే వేళకే ఆ దొరసానికి జబ్బు చేసింది.

వినీల నెల్లూరులో రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తుంది. ఊళ్లో మచ్చిక నూకలు మొదలయ్యే ముందురోజు పంజరానికి తువ్వాలు చుట్టి, బస్సులో ఒళ్లో పెట్టుకుని పోయి పశువుల డాక్టరుకు చూపించి వచ్చింది. లోకులు కొండను తవ్వి ఎలకని పడతారు, నా కోడలు ఎలక కోసం నెల్లూరంతా తవ్వింది అని ఓబులేసు ఒక విసురు విసిరాడు గాని, ఆ పిల్ల మొహం చూసి మధ్యలోనే మింగేశాడు. జున్ను ముంగాలి కింద నిమ్మకాయంత గడ్డ లేచింది. ముక్కు చుట్టూ ఎర్రటి మరక. ఊపిరి తీసినప్పుడల్లా లోపల టిక్కుటిక్కుమంటోంది. డాక్టరు నవ్వలేదు, విసుక్కోలేదు. ఎలుకలకు ఇది ముసలితనమని, గడ్డ కోస్తే బల్ల మీదే పోతుందని చెప్పి, ఉన్న నాలుగు రోజులూ నొప్పి తెలియకుండా చూసుకొమ్మని చిన్న సీసాలో మందు ఇచ్చాడు. మరీ బాధ పడితే తీసుకురమ్మన్నాడు, సూదితో నిద్రపుచ్చుతానన్నాడు. ఆ సూది వినీలకు తెలుసు. పెళ్లికి ముందు తను పనిచేసిన కాలేజీలో, ప్రయోగాలు అయిపోయిన ఎలుకలన్నిటికీ అదే వేసేవాళ్లు. జున్నును అక్కడి నుంచే చున్నీలో దాచి తెచ్చుకుంది.

రాత్రి ఆ మందును డ్రాపరుతో జున్ను నోట్లో పోయబోయింది. అది ఉక్కిరిబిక్కిరై, ఎన్నడూ లేనిది ఆమె వేలు కొరికింది. సరేనని పెరుగన్నంలో కలిపి పెట్టింది. జున్ను ఒక మెతుకు కొరికి వెనక్కి తగ్గింది. తెల్లారి మందు లేని పెరుగన్నం పెట్టినా వాసన చూసి మొహం తిప్పేసింది. అరటిపండు ముక్క పెడితే అదీ ముట్టలేదు.

బస్సు వేళయింది. వినీలకు సెలవులు అయిపోయాయి. మొగుడు నరేంద్రబాబు రొయ్యల గుంటల దగ్గర కాపలా కాసి అక్కడే పడుకుంటున్నాడు. జడ అల్లుకుంటూ ఏడుస్తూ, ఏడుస్తూ చెప్పులేసుకుంటూ, గడపలో ఆగి అత్తను చూసింది.

"మందు సంగతి పోనీ అత్తా. ఆకలితో పోతదేమోనని భయంగా ఉండాది. నేనొచ్చిందాకా కొంచెం చూస్తా ఉండు."

నేనేంది, ఎలకకి ఆయాపని చేసేదేంది అని ఆదిశేషమ్మ నోటిదాకా వచ్చింది. కోడలి వేలికి చుట్టిన గుడ్డపీలిక మీద ఆమె చూపు పడింది. చూస్తాలే పో అంది.

మచ్చిక నూకలకు అదే మొదటి రోజు. అరుగు మీద పెద్ద సత్తు బేసిన్లో నూకలు చల్లారుతున్నాయి. పక్కింటి భానుప్రియ, ఇంకో ముగ్గురాడవాళ్లూ పాత పేపర్లు చింపి పొట్లాలు కడుతున్నారు. ఆదిశేషమ్మ మధ్యమధ్యలో లేచి గదిలోకి తొంగిచూసి వస్తోంది. జున్ను పంజరం మూలన ముడుచుకొని కూర్చుంది. వెంట్రుకలు నిక్కపొడుచుకున్నాయి. ఒకసారి లేచి పెరుగన్నం గిన్నె దాకా వచ్చింది. ముక్కు పెట్టింది. వెంటనే వెనక్కి జరిగి మూతిని పంజరం అడుగుకేసి రుద్దుకుంది, ఏదో అంటిందన్నట్టు.

ఆదిశేషమ్మ అక్కడే నిలబడిపోయింది. ఇన్నేళ్లలో ఆమె చూసినవి ఎలుకలు కొరికిన పొట్లాలు, చచ్చిన ఎలుకలు. బతికున్న ఎలుక తిండి దగ్గర ఆలోచించుకోవడం ఇంత దగ్గరగా చూడటం ఇదే మొదలు. చూడగానే సంగతి అర్థమైంది. పాపం, చదువుకున్న పిల్లే గాని తొందరపడింది. మొదటి రోజే మందు పెట్టేసింది. జున్నుకు అది మందని ఎవరు చెబుతారు? చేదు తగిలింది, కడుపులో తిప్పింది, అంతే. ఇప్పుడు ఆ గిన్నె, ఆ పెరుగు, ఆ చేతి వాసన, అన్నీ దానికి అనుమానమే.

ఆమె పెరుగన్నం గిన్నె తీసి దొడ్లో పారబోసింది. పంజరం అడుగున ఉన్న గుడ్డ మార్చింది. చేతులు చింతపండు పెట్టి తోముకుని, తుడుచుకోకుండా ఆరబెట్టుకుంది. బేసిన్లోంచి ఒక చిటికెడు నూకలు తీసుకుని, ఏ గిన్నెలోనూ పొయ్యకుండా అరచేతిలో వేసుకుని, ఆ చెయ్యి పంజరంలో పెట్టి నేల మీద చతికిలబడింది.

జున్ను మూలకు అతుక్కుపోయింది. ఆదిశేషమ్మ కదల్లేదు. బయట ఆడవాళ్లు ఈమె ఏమైందని వచ్చి చూశారు. చేలో ఎలకలకి పొట్లం కూడు, ఇంట్లో ఎలకకి చేతి ముద్దా అని భానుప్రియ నవ్వింది. వినాయకుడి వాహనానికి సేవ చేస్తే పుణ్యమేనక్కా అని ఇంకొకామె అంది. ఆదిశేషమ్మ వాళ్ల మాటలకు బదులు చెప్పలేదు, మాట్లాడితే చెయ్యి కదులుతుందని. మోచెయ్యి తిమ్మిరెక్కింది. పొట్లాలు కట్టడం అయిపోయి అందరూ ఇళ్లకు పోయారు. ఎండ గడపలోంచి తగ్గింది.

అప్పుడు జున్ను లేచింది. కాళ్లు ఈడ్చుకుంటూ వచ్చింది. మీసాలు ఆమె అరచేతికి తగిలాయి. ఒక నూక తీసుకుని, రెండు ముందుకాళ్లతో పట్టుకుని, తలవంచుకుని కొరికింది. వాటిని కాళ్లనడానికి ఆదిశేషమ్మకు నోరు రాలేదు. వేళ్లున్నాయి, గోళ్లున్నాయి, గింజను తిప్పి తిప్పి చూసుకునే నేర్పుంది. అవి చేతులే. ఇంకో నూక తీసుకుంది. ఆ తర్వాత ఇంకొకటి. ఆదిశేషమ్మకు ఎందుకో కళ్లలో నీళ్లు తిరిగాయి. తనకే సిగ్గేసి భుజానికేసి తుడుచుకుంది.

సాయంత్రం వినీల వచ్చీ రావడంతోనే, తినిందని విని ఎగిరి గంతేసినంత పని చేసింది. వెంటనే మందు సీసా తీసింది. ఆదిశేషమ్మ వద్దంది. ఈ రోజూ రేపూ వట్టి నూకలే పెట్టాలని, ఎల్లుండి గాని మందు కలపగూడదని చెప్పింది. వినీల ఒప్పుకోలేదు. మందు పడకుండా అంతసేపు ఎట్లా అని వాదించింది. రాత్రి దాని ఊపిరి చప్పుడు విని తను నిద్రపోలేదంది.

"నొప్పితో ఉండాది అత్తా. నీకు కనపడతా ఉండాది గదా."

"కనపడతా ఉండాది. ఇప్పుడు తొందరపడి మళ్లీ చేదు తగిలించినావా, ఇంక ఎవరి చేతిలోదీ ముట్టదు. పొయ్యిందాకా నొప్పితోనే ఉంటది. ఎల్లుండి దాకా ఓర్చుకో. నా మాట మీద నిలబడు."

వినీల సీసాను చాలాసేపు చేతిలోనే పట్టుకుని, చివరికి గూట్లో పెట్టేసింది. అత్త మాట తప్పయితే ఈ రెండు రోజుల నొప్పి ఎవరి లెక్కలో పడుతుందో ఇద్దరికీ తెలుసు. మంచం మీద కూర్చుని చుట్ట చుట్టుకుంటున్న ఓబులేసు ఇదంతా విన్నాడు. అతను చెడ్డవాడు కాదు. బాధ చూడలేక అన్నాడు, అటక మీద నిరుడు మిగిలిన నల్లపొడి డబ్బా ఉండనే ఉందని, నూకల్లో చిటికెడు వేస్తే తెల్లారేసరికి దానికీ సుఖం, మనకీ సుఖం అని.

ఆదిశేషమ్మ అతని వైపు తిరిగింది. "ఆ పొడి తిన్నది ఎట్టా పోతదో నువ్వెప్పుడన్నా చూసినావా? నువ్వు తెల్లారి లెక్కపెట్టేదానికి పోతావు. నేను చూసినా. కడుపు మండి కాలవ దాకా పాక్కుంటా పోయి, నీళ్లల్లో మూతి పెట్టి పోతాయి. ఇంకోసారి ఆ మాట ఈ ఇంట్లో అనబాక."

ఆమె అంత పొడుగు మాట మాట్లాడటం ఓబులేసు చాలా కాలంగా ఎరగడు. చుట్ట వెలిగించుకోవడం మర్చిపోయి అట్లాగే కూర్చున్నాడు.

మర్నాడు పెంచలకృష్ణ వచ్చాడు. ఊళ్లో ఎర పంపకం చూసేది అతనే, వరసకు ఆదిశేషమ్మకు మరిది. పొట్లాలు గీకి గీకి తిన్నాయని, ఒక్క గింజ మిగల్చలేదని, వదిన చేతి నూకలంటే ఎలుకలకు ప్రాణమని సంబరంగా చెప్పాడు. రెండో రోజు నూకలు కలపడం మొదలైంది. ఆదిశేషమ్మ అదే బేసిన్లో, అదే చేత్తో కలిపింది. కలిపిన వెంటనే ముందు ఒక చిటికెడు తీసి కొంగు చివర ముడేసుకుంది.

ఆ రోజు జున్ను మూలలో దాక్కోలేదు. ఆమె గదిలోకి అడుగు పెట్టగానే లేచి నిలబడింది. చెయ్యి పెట్టగానే వచ్చి, నూకలు తినడానికి ముందు వేళ్ల సందుల్లో అంటిన నూనె నాకింది. చిన్న నాలుక, వెచ్చగా, గరుగ్గా ఉంది. నాలుగు నూకలు తిని ఇక ఓపిక లేక అరచేతిలోకే ఎక్కి కూర్చుండిపోయింది.

ఇప్పుడేం చెయ్యాలో ఆదిశేషమ్మకు తెలియలేదు. దించుదామంటే మనసు రాలేదు. మెల్లిగా చెయ్యి బయటికి తీసి ఒళ్లో పెట్టుకుంది. కరెంటు పోయింది. గదిలో ఉక్క. కొంగుతో దాన్ని కప్పుకుని, గాలి తగిలే వెనక వసారాలోకి వచ్చి గోడకానుకుని కూర్చుంది. సముద్రం మీది గాలి, దాంతోపాటు రొయ్యల గుంటల్లో డీజిలు ఇంజన్ల మీద నీళ్లను చిలికే చక్రాల హోరు వస్తున్నాయి. తడిగుడ్డతో దాని ముక్కు చుట్టూ ఎర్ర మరకను అద్ది అద్ది తుడిచింది. గడ్డకు వేలు తగిలితే అది ఒళ్లంతా బిగుసుకుంది. అబ్బా, తప్పయిపోయింది తల్లీ అని ఆదిశేషమ్మ పైకే అనేసింది. ఎలుకను తల్లీ అన్నందుకు ఎవరైనా విన్నారేమోనని చుట్టూ చూసింది.

దాని గుండె ఆమె అరచేతిలో కొట్టుకుంటోంది. అంత చిన్న ఒంట్లో అంత గట్టిగా. ఆమె తన రెండో చేతిని చూసుకుంది. పొద్దున బేసిన్లో మోచెయ్యి దాకా పెట్టి కలిపిన చెయ్యి. ఇంకా నూనె వాసన వేస్తోంది. పొద్దుగూకినాక చేలల్లో, గట్ల వెంబడి, కలుగుల ముందర, పొట్లాలు విప్పుకుని తింటాయి. ఇట్లాగే రెండు చేతులతో పట్టుకుని తింటాయి. నిన్న భయపడినవి ఇవాళ ఎదురుచూస్తుంటాయి. ఇదంతా ఆమెకు తెలియనిది కాదు. తెలిసే ఇన్నేళ్లు చేసింది. కానీ తెలియడం వేరు, చేతిలో కొట్టుకోవడం వేరు. ఆమెకు భయమేసింది. ఎందుకో ఆ క్షణానికి చెప్పుకోలేకపోయింది.

మూడో రోజు వినీల పోతూ పోతూ మందు సీసా అత్త చేతిలో పెట్టింది. ఎన్ని చుక్కలో చెప్పింది. మళ్లీ చెప్పింది. రాత్రంతా జున్ను ముడుచుకునే కూర్చుంది, నొప్పికి పళ్లు కొరుకుతూనే ఉంది. అత్తా, ఈసారి తినకపోతే రేపు నెల్లూరు తీసుకుపోతాను, ఆ సూదే వేయిస్తాను అని చెప్పి, ఇక అక్కడ నిలబడలేక బస్సుకు పరిగెత్తింది.

ఆ రోజు అరుగు మీద సందడి ఎక్కువ. పెంచలకృష్ణ నల్లపొడి డబ్బా తెచ్చి స్తంభం పక్కన పెట్టాడు. భానుప్రియ వాళ్లూ మూతికి గుడ్డలు కట్టుకుని తయారుగా ఉన్నారు. ఆదిశేషమ్మ వాళ్లను ఆగమంది. ఆ పొడికి కుళ్లిన వెల్లుల్లి కంపు. ముట్టుకోకుండా కర్రతో కలిపినా చీరకూ జుట్టుకూ పట్టేసి రెండు రోజులు వదలదు. ఆ వాసనతో పోతే జున్ను దగ్గరికి రాదు. ముందు దీని మందు సంగతి తేలాలి, ఆ తర్వాతే మీ పని అని చెప్పి లోపలికి పోయింది. ఎలుకకు మందు పెట్టిందాకా ఎలుకల విషం ఆగాలంట అని పెంచలకృష్ణ గొణుక్కున్నాడు గాని, పొద్దుగూకిందాకా పొట్లాలు పెట్టే పని లేదు కాబట్టి సరిపెట్టుకున్నాడు.

ఆదిశేషమ్మ నూకల్లో మందు చుక్కలు వేసి, వేలితో మెదిపి, మీద ఇంకాస్త నూనె పట్టించింది. పంజరంలో చెయ్యి పెట్టింది.

జున్ను లేవలేక లేచింది. పొట్టను నేలకు రాసుకుంటూ వచ్చింది. ఒక నూక అందుకుని కొరికింది.

ఆగింది.

మూతి కదలడం మానేసింది. తెలిసిపోయింది దానికి. జున్ను ఆ నూకను కింద పడేస్తుందని, మూతి నేలకు రుద్దుకుంటుందని, మూలకు పోయి ఇక ఎన్నటికీ రాదని ఆదిశేషమ్మ చూస్తోంది. జున్ను తలెత్తింది. ముక్కు ఆడించి నూకల్ని కాదు, ఆమె మణికట్టును వాసన చూసింది. వేళ్లను ఒక్కొక్కటిగా చూసింది. ఆ తర్వాత తలవంచి, అదే నూక మిగతా సగం తినింది. ఇంకో నూక తీసుకుంది. చేదని తెలిసి, ఒక్కొక్క గింజా మెల్లిగా, చివరి గింజ దాకా తినింది. చేతిని నమ్మి తినింది.

ఆదిశేషమ్మకు సంతోషం కలగాలి. కోడలికి చెప్పిన మాట నిలబడింది, మందు కడుపులో పడింది. కానీ ఒంట్లోంచి ఏదో తెగిపోయినట్టయింది ఆమెకు. అంటే చేలో ఉన్నవాటికీ తెలిసేది. ఇన్నేళ్లూ ఆమె అనుకున్నది, తన నూనె ఘాటుకు విషం సంగతి వాటికి తెలియదని. తెలిసే ఉంటుంది. కొరికి, ఆగి, నిన్నా మొన్నా తిన్నది ఇదే కదా, పెట్టింది ఆ చెయ్యే కదా అనుకుని తిని ఉంటాయి.

దాన్ని ఒళ్లోకి తీసుకుని వెనక వసారాలోకి వచ్చి కూర్చుంది. కాసేపటికి మందు పనిచేసింది. బిగుసుకున్న ఒళ్లు సడలింది. ఇన్నాళ్లూ ముడుచుకుని కూర్చున్న జున్ను, ఆమె ఒళ్లో పక్కకు ఒరిగి, నాలుగు కాళ్లూ చాపుకుని పడుకుంది. నిక్కిన వెంట్రుకలు దిగాయి. పళ్లు కొరకడం ఆగింది. ఆదిశేషమ్మ దాని చెవి వెనక ఒక వేలితో రాస్తూ కూర్చుంది. ఎండ వసారా దాటి దొడ్లోకి పోయింది. ఓబులేసు రెండుసార్లు వచ్చి, వాకిట్లో అందరూ కాచుకున్నారని చెప్పాలనుకుని, చెప్పకుండా పోయాడు. మూడోసారి వచ్చినప్పుడు ఆమె తలెత్తి చూసింది. జున్ను ఊపిరి టిక్కుమంటూ వచ్చి, ఆగి, మళ్లీ వచ్చి, ఈసారి ఎంతసేపు చూసినా రాలేదు. నిద్రలో పోయింది. ఒక్క గింజుకులాట లేదు.

ఓబులేసు పక్కన చతికిలబడ్డాడు. దాన్ని ముట్టుకోవచ్చా అన్నట్టు చూసి, ఒక వేలితో వీపు మీద రాశాడు. మెత్తగా ఉండాదే అన్నాడు.

పాత నూలుచీర ముక్కలో చుట్టి, చేటలో పడుకోబెట్టి, ఆదిశేషమ్మ వాకిట్లోకి వచ్చింది. సంగతి విని భానుప్రియ నిజంగానే అయ్యో అంది. పెంచలకృష్ణ కూడా తల ఊపి, ఇక చెయ్యి ఖాళీ అయింది గదా వదినా, పొద్దు వాలుతోంది అన్నాడు. అందులో కాఠిన్యం ఏమీ లేదు. పైరు పొట్ట మీదుంది. ఇవాళ పొడి పడకపోతే ఈ రెండు రోజుల నూకలూ ఎలుకల పెళ్లికి విందు పెట్టినట్టే. ఆదిశేషమ్మ బేసిన్ ముందు కూర్చుంది. ఎవరో మూతిగుడ్డ అందించారు. ఆమె అందుకోలేదు.

"నేను కలపలేను పెంచలకృష్ణా."

ఒంట్లో బాగాలేదా అని అడిగాడు. బాగానే ఉందంది. మరేమని అడిగాడు. మాటలు ఏరుకుంటూ చెప్పింది.

"చంపొద్దని నేను అన్ను. నా చేలో గూడా వరే ఉండేది, నేనూ అదే తినేది. ఎలకబుట్టలు పెట్టి పట్టండి, కలుగులు తవ్వండి, నేనూ వస్తా. రెండు రోజులు కూడు పెట్టి నమ్మించి, మూడోనాడు ఆ చేత్తోనే చంపేది మాత్రం నా వల్ల గాదు."

"నమ్మేదానికి అవేమన్నా మనుషులా వదినా?"

"మనుషులు ఇంత నమ్మరు లే."

పెంచలకృష్ణకు కోపమొచ్చింది, అది అతని హక్కే. ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకున్నవాళ్లను విన్నాను గాని, ఎలుక మీద ప్రేమతో ఊరి పంటకు నిప్పు పెట్టేవాళ్లను ఇదే చూడటం అన్నాడు. బేసిన్ భానుప్రియ ఇంటికి మోయించాడు. ఎవరి చేతనో కలిపిస్తాడు. నూనె ఎక్కువో తక్కువో అవుతుంది, పొడి ఎక్కువో తక్కువో పడుతుంది, కొన్ని చస్తాయి, కొన్ని మిగులుతాయి. మిగిలినవి ముందుగా ఎవరి చేలో పడతాయో చెప్పలేం. పోతూ పోతూ భానుప్రియ ఒకసారి వెనక్కి తిరిగి చూసింది.

ఖాళీ అరుగు మీద ఆదిశేషమ్మ ఒక్కతే కూర్చుంది. తను చేసింది ఒప్పో తప్పో ఆమెకు తెలియదు. మొగుడు ఏమంటాడోనని చూస్తోంది. ఓబులేసు అటక ఎక్కాడు. దుమ్ము రాల్చుకుంటూ ఎలుకల్ని పట్టే పాత తాటాకు బుట్టలు నాలుగు కిందికి విసిరాడు. ఎలుక దూరగానే బిగుసుకునే వాటి విల్లుబద్దలు విరిగిపోయి ఉన్నాయి. కత్తి తీసుకుని, వెదురు పేడు చీల్చుతూ కూర్చున్నాడు.

"బుట్టలో గూడా ఎర పెట్టాల గదే" అన్నాడు కాసేపటికి, తలెత్తకుండానే.

"పెట్టాల" అంది. ఆ తేడా ఎంత సన్ననిదో ఆమెకూ తెలుసు. లేచి వెళ్లి అతనికి దారపు ఉండ తెచ్చిచ్చింది.

దీపాలు పెట్టే వేళకు వినీల బస్సు దిగింది. వీధి మలుపులోనే ఎవరో చెప్పినట్టున్నారు. పరుగెత్తుకుంటూ రాలేదు. నడుస్తూ వచ్చి, చేట ముందు మోకాళ్ల మీద కూర్చుని, గుడ్డ మడత విప్పింది. చాచుకున్న కాళ్లు చూసింది. ముక్కు చుట్టూ శుభ్రంగా ఉండటం చూసింది. అప్పుడు అడిగింది.

"మందు తినిందా అత్తా?"

"తినింది. మొత్తం తినింది. ఆమీట కాళ్లు చాపుకొని నిద్రపోయింది. ఆ నిద్రలోనే."

"మరి చేదు కనుక్కోలేదా? నన్ను చూస్తే రెండు రోజులుగా మూతి తిప్పుకుంటా ఉండె. చేదు తగిలి నీ మీద గూడా నమ్మకం పోతదేమోనని బస్సులో అదే అనుకుంటా వచ్చినా."

ఆదిశేషమ్మ కోడలి పక్కన కూర్చుంది. కోడలి చేతిది వద్దని మొహం తిప్పుకున్నది తన చేతిది చేదని తెలిసీ తినిందని ఆ పిల్లతో ఎట్లా చెప్పాలి? అబద్ధం చెప్పడం ఆమెకు అలవాటు లేదు. అయినా మాట తడబడకుండానే వచ్చింది.

"లేదమ్మా. దానికేం తెలీలేదు. నూనె బాగా పట్టించినా గదా. తియ్యగుండాదనే తినింది."

వినీల అప్పుడు ఏడ్చింది. అత్త భుజం మీద తల పెట్టి, మనసులో బరువు దిగినట్టు, గట్టిగా ఏడ్చింది. ఆదిశేషమ్మ ఆ పిల్ల వీపు నిమురుతూ, తన మనసులోది మనసులోనే పెట్టుకుని కూర్చుంది. దొడ్లో ఓబులేసు గుంట తవ్వుతున్న చప్పుడు వినబడుతోంది.